మిలిటరీ కార్డులో ఊరి పేరు

(పెన్షనర్ల దినం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం నకారా కేసు తీర్పును తలచుకుంటాం. పెన్షన్ అనేది సర్కారు దయతో వేసే భిక్ష కాదని 1982లో సుప్రీంకోర్టు తేల్చిన రోజు ఇది. దాన్ని గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెబుతారు. నన్ను మాత్రం "మీరేదైనా వేరే విషయం చెప్పండి, ఇరవై నిమిషాలు మించొద్దు" అన్నారు. అందుకని మా ఇంట్లో 2022లో జరిగిన ఒక గొడవతో మొదలుపెడతాను.

మా అబ్బాయి ఇక్కడి ఆర్.ఇ.సి.లో చదివి 1999లో అమెరికా వెళ్ళాడు. న్యూజెర్సీలో ఉంటాడు. మీలో సగంమంది పిల్లలు అటే ఉన్నారు, కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒక ఆదివారం ఫోనులో మాటల మధ్య "పిల్లగానికి పద్దెనిమిది నిండినయి బాపూ, మిలిటరీ జాబితాల పేరు రాయించాలె" అన్నాడు. పక్కన కూర్చున్న మా ఇంటామెకు "మిలిటరీ" అన్న ముక్క ఒక్కటే వినబడింది. ఫోను పెట్టేసి చూద్దును గదా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నది. "ఒక్కగానొక్క మనుమడు. ఆన్ని మిలట్రీల పట్టుకపోతరా? మీరు గన్నేండ్లు ఆఫీసుల చేసిన్రు గదా, అదేందో అడుగుండ్రి" అని.

నేను రెవెన్యూలో గుమాస్తాగా చేరి సీనియర్ అసిస్టెంటుగా దిగినవాణ్ణి. అమెరికా మిలిటరీ నా సీటు కాదు. అయినా ఏ దేశపు ఫారమైనా ఫారమే గదా అని పంపించమన్నాను, చదివాను. విషయం ఇది. అమెరికాలో పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ళ మగపిల్లలందరి పేర్లు సెలెక్టివ్ సర్వీస్ అనే సంస్థ దగ్గర నమోదు కావాలి. 1980 నుంచి ఉన్న నియమం. అక్కడ పుట్టినవాడైనా సరే, గ్రీన్ కార్డు మీద ఉన్నవాడైనా సరే. ఉద్యోగపు వీసా మీద ఉన్నవాడికి అక్కరలేదు. యుద్ధం వచ్చి పార్లమెంటు చట్టం చేస్తే తప్ప ఆ జాబితాలోంచి ఎవర్నీ పిలవరు. 1973 తర్వాత ఒక్కర్నీ అట్లా బలవంతాన సైన్యంలోకి తీసుకోలేదు. పేరు ఇవ్వకుండా ఊరుకుంటేనే ముప్పు, వలస వచ్చిన పిల్లలకు పౌరసత్వం దగ్గర చిక్కు వస్తుంది. ఇదంతా మా ఇంటామెకు రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతే "సరే తియ్యుండ్రి" అన్నది. నమ్మిందని కాదు.

ఆ వేసవిలో మేమిద్దరం అక్కడికి వెళ్ళాం. అసలు సంగతి అక్కడ తెలిసింది.

మా వాళ్ళ పక్కింట్లో ఒక పెద్దమనిషి. ఎనభై దాటినవాడు. ఆయన తాత ఇటలీ నుంచి వచ్చి పాటర్సన్ అనే ఊళ్ళో పట్టు మిల్లుల్లో రంగులద్దే పనిలో చేరాడట. మన ఆజంజాహి మిల్లు చుట్టూ ఎట్లా బస్తీ పెరిగిందో, పాటర్సన్‌లో పట్టు మిల్లుల చుట్టూ అట్లా ఇటలీవాళ్ళు, పోలండువాళ్ళు చేరారు. తాత ఏ ఊరివాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక మేనత్త నేపుల్స్ అంటుంది, ఇంకొకామె సిసిలీ అంటుంది. జనాభా లెక్కల కాగితంలో పుట్టిన స్థలం అన్న చోట "ఇటలీ" అని ఊరుకున్నారు. మన పిల్లల్ని ఏ ఊరయ్యా అంటే "ఇండియా" అన్నట్టే.

ఆయనకు ఊరి పేరు దొరికింది మిలిటరీ కార్డులో. నన్ను వెంటబెట్టుకుని ఊరి గ్రంథాలయానికి తీసుకుపోయి కంప్యూటరులో ఆ కార్డు చూపించాడు. దాన్ని చూసి నా ప్రాణం లేచి వచ్చింది. అచ్చం మన సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ!

దాని వెనుక కథ కొంచెం చెప్పాలి. అమెరికా 1917 ఏప్రిల్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. ఆ ఏడు జూన్ 5న ఇరవై ఒకటి నుంచి ముప్ఫై ఏళ్ళ మగవాళ్ళందరూ తమ పేటలోని బోర్డు ముందు హాజరై కార్డు నింపమన్నారు. మరుసటి ఏడు జూన్‌లో కొత్తగా ఇరవై ఒకటి నిండినవాళ్ళను పిలిచారు. 1918 సెప్టెంబరు 12న పద్దెనిమిది నుంచి నలభై అయిదు దాకా మిగిలినవాళ్ళందరినీ పిలిచారు. మొత్తం 2 కోట్ల 40 లక్షల కార్డులు. సైన్యానికి ఈ పద్ధతిన తీసుకున్నది సుమారు 28 లక్షల మందినే. కానీ కార్డు అందరికీ ఉంది. పరదేశివైనా సరే, కుంటివాడివైనా సరే, ముందు పేరు రాయించుకో, పనికిరావని తర్వాత మేమే చెబుతామన్నారు. అందువల్ల తుపాకి ముట్టని మిల్లు కూలీ వివరాలు కూడా మిలిటరీ దస్త్రంలో మిగిలాయి.

ఈ మూడు విడతల్లో ఫారాలు ఒక్కటి కాదు. గుమాస్తాలకు ఈ తేడా ముఖ్యం. మొదటి దాంట్లో పుట్టిన ఊరు, రాష్ట్రం, దేశం మూడూ అడిగారు. రెండోదాంట్లో తండ్రి పుట్టిన చోటు కూడా అడిగారు. మూడోదానికి వచ్చేసరికి, రద్దీ ఎక్కువైందేమో, పుట్టిన ఊరి గడే తీసేశారు, దగ్గరి బంధువు ఎవరని మాత్రం అడిగారు. అంటే తాత ఏ విడతలో హాజరయ్యాడన్న దాన్ని బట్టి మనుమడికి ఊరు దొరకడమో దొరకకపోవడమో ఉంటుంది. మొదటి విడత కార్డుకు కింద ఒక మూలన ఇంకో సూచన ఉంది: ఆఫ్రికా సంతతివాడైతే ఈ మూల చించండి అని. చూపు పడగానే కార్డు ఎవరిదో తెలియాలని. ఇప్పటికీ ఆ కార్డులు మూల చిరిగే ఉన్నాయి. ఫారం తయారుచేసినవాడి బుద్ధి ఫారంలోనే కనపడుతుంది.

పక్కింటాయన తాతది మొదటి విడత. ఊరి పేరు గుమాస్తా చెవికి ఎట్లా వినబడితే అట్లా రాశాడు. పటంలో అటువంటి ఊరు లేదు. కార్డు అడుగున మాత్రం సంతకం తాతది, సొంత చేతిది. దాంట్లో ఇంటిపేరు అక్షరాలు సరిగ్గా ఉన్నాయి. ఆ ఇంటిపేరు ఏ ప్రాంతంలో ఎక్కువో చూసి, గుమాస్తా రాసిన దాన్ని పైకి పదిసార్లు చదివి, చివరికి ఊరు పట్టుకున్నాడు. అక్కడి నుంచి ఇటలీకి ఉత్తరం. ఆ దేశంలోనూ మగపిల్లలు ఈడుకు రాగానే సైన్యం జాబితా ఒకటి రాసేవారు. తల్లిదండ్రుల పేర్లతో సహా, దేశం విడిచినవాళ్ళను కూడా కలుపుకుని. ఆ జాబితాలో ఈ తాత పేరు ఎదుట "హాజరు కాలేదు" అని ఉంది. అక్కడి లెక్కలో ఎగవేతదారు, ఇక్కడి లెక్కలో మొదటి రోజే హాజరు! పక్కింటాయన ఈ మాట చెప్పి చిన్నపిల్లవాడిలా నవ్వాడు. కానీ ఆ జాబితాలో తాత తల్లి పేరు చూసినప్పుడు మాత్రం నవ్వలేకపోయానన్నాడు. తన చిన్న కూతురికి ఏమీ తెలియకుండానే ఆ పేరే పెట్టుకున్నాడట.

మరి ఆ కార్డులో రాసిందంతా వేదమా? కాదు. పోషించవలసినవాళ్ళు ఎవరున్నారు, మినహాయింపు కోరుతున్నావా అన్న గడులు కూడా ఉన్నాయి. సైన్యానికి పోవడం ఇష్టంలేనివాడు ఆ గడిలో ఏం రాస్తాడో మనకు తెలియదా! పుట్టిన తేదీ సంగతీ అంతే. ఇదే తాత 1942లో మళ్ళీ ఒక కార్డు నింపాడు. దాంట్లో తేదీ వేరు. మన తరంలో బడిలో చేర్చిన రోజున పంతులుగారు జూన్ ఒకటో, జూలై ఒకటో వేసేసి పంపలేదా? ఆ తేదీల మీదే మనమంతా రిటైరయ్యాం. రెండు కార్డులుంటే రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి, ఒక్కదాన్ని నమ్మరాదు.

ఆ 1942 కార్డు సంగతి చెప్పి తీరాలి. రెండో ప్రపంచ యుద్ధంలో, ఏప్రిల్ 27న, నలభై అయిదు నుంచి అరవై నాలుగేళ్ళ వాళ్ళను పిలిచారు. ముసలివాళ్ళ పిలుపని అక్కడ దానికి పేరు. వీళ్ళను యుద్ధానికి పంపడానికి కాదు, ఎవరికి ఏ పని వచ్చో తెలిసి ఉండాలని. ఆ కార్డులో ఒక గడి ఉంది: "నీ చిరునామా ఎల్లప్పుడూ తెలిసి ఉండే మనిషి పేరు, చిరునామా." భార్య అనలేదు, కొడుకు అనలేదు. ఎల్లప్పుడూ తెలిసి ఉండే మనిషి. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఎన్నో ఫారాలు చూశాను గానీ ఇట్లా అడిగిన ఫారం చూడలేదు.

ఆ రోజు అక్కడ మన తెలుగువాళ్ళెవరైనా ఉన్నారా అంటారా? యల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టినవారు. ఫోలిక్ ఆమ్లం మీద పనిచేసిన మహానుభావుడు. బోదకాలుకు మన ఊళ్ళల్లో పంచే మందు ఆయన బృందం కృషే. 1942 నాటికి న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో లెడర్లీ కంపెనీలో ఉన్నారు, వయసు నలభై ఏడు. పౌరుడు కాకపోయినా దేశంలో కాపురం ఉంటే చాలు, ఆ ఈడు మగవాడు కార్డు నింపవలసిందేనని చట్టం. భార్యను ఇక్కడ విడిచి వెళ్ళినవారు మళ్ళీ ఆమెను చూడకుండానే 1948లో అక్కడే కన్నుమూశారు. ఆ ఈడువాళ్ళకు ఎదురైన ఆ గడిని తలుచుకుంటే నాకు ఆయనే గుర్తొస్తారు.

ఆ కార్డు వెనుక జాతి గడులు అయిదు. అందులో "ఇండియన్" అని ఒకటి ఉంది, అది మనం కాదు, అక్కడి ఆదివాసులు. మనవాళ్ళు ఏ గడిలోకీ ఇమడరు. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ 1918లో అమెరికా సైన్యంలో చేరి గౌరవంగా బయటికి వచ్చాడు. అయినా 1923లో అక్కడి సుప్రీంకోర్టు నువ్వు తెల్లవాడివి కావు, నీకు పౌరసత్వం లేదన్నది. యుద్ధంలో పనిచేసినవాళ్ళ కోసం 1935లో ప్రత్యేకంగా చట్టం చేస్తే ఆ మరుసటి ఏడు దొరికింది.

ఇక మన వైపు చూద్దాం. మన దేశంలో మనవాళ్ళను బలవంతాన సైన్యంలో చేర్చే చట్టం ఏనాడూ లేదు గనుక అటువంటి కార్డులు లేవు. మరి ఓడలెక్కి పోయిన మన కూలీల మనుమలు ఊరు ఎట్లా వెతుక్కుంటారు? వాళ్ళకూ ఒక కాగితం ఉంది, ఎమిగ్రేషన్ పాస్. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి దక్షిణాఫ్రికాలోని డర్బను చేరింది. అది మొదలు 1911 దాకా నాటాల్‌కు పోయిన కూలీలు 1,52,184 మంది, అందులో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా 60 వేల పైచిలుకు, మద్రాసు నుంచి పంపడం 1903లో మొదలు. విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, చిత్తూరు వైపులవాళ్ళు. ఒక్కొక్కరికి పాస్: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, దగ్గరి బంధువు, ఒంటిమీది గుర్తులు. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న గుర్తులవి. ఇప్పుడు నాలుగో తరంవాడు డర్బనులోనో సువాలోనో కూర్చుని "ఎడమ మోకాలి మీద గాయపు మచ్చ" అని చదివి, అవును, మా ముత్తాతకు ఆ మచ్చ ఉండేదని మా అవ్వ చెప్పిందంటాడు. మారిషస్‌లోనైతే 1860ల నుంచి ఫోటోలు కూడా తీశారు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్న ఆ దస్త్రాలను 2015లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

పుట్టుమచ్చల గడి మనకు కొత్తదా? పదో తరగతి మెమోలో రెండు మచ్చలు, సర్వీసు రిజిస్టరులో రెండు మచ్చలు, పెన్షన్ కాగితాల్లో మళ్ళీ అవే రెండు. నాకు కుడి భుజం మీద ఒకటుంది. అది కరిగిపోయి ఇరవై ఏళ్ళయింది. ట్రెజరీవాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు.

అయితే మన తెలంగాణ పల్లెల నుంచి పోయినవాళ్ళకు ఈ భాగ్యం కూడా లేదు. వాళ్ళు సముద్రం దాటలేదు, రైలెక్కి షోలాపూరు, భివండి, బొంబాయి మిల్లులకు పోయారు. రైలు టిక్కెట్టు మీద తండ్రి పేరు రాయరు గదా. వాళ్ళ మనుమలు ఊరు వెతుక్కుంటూ వస్తే మనం చూపించగలిగింది ఒక్కటే, 1954-55 ఖాస్రా పహాణీ. అది శిస్తు కోసం, కబ్జా తేల్చడానికి రాసింది. గుంటెడు భూమి ఉన్న తాతకు దాంట్లో పేరుంది. భూమి లేని తాతకు అదీ లేదు. నా సర్వీసులో షోలాపూరు నుంచి అట్లా వచ్చిన ఇద్దరు ముగ్గురిని ఉత్తచేతులతో పంపించాను.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఏ కార్యాలయమో చెప్పను. కొత్తగా చేరిన రోజుల్లో ఒక అటెండరు చనిపోతే ఆయన భార్యకు కుటుంబ పెన్షన్ కాగితాలు నేను రాశాను. ఆమె పేరు అడిగితే లచ్చవ్వ అన్నది. నాకు పట్నపు చదువు గర్వం, ఒక కాగితంలో లక్ష్మి అని సరిదిద్ది రాశాను. ఇంకొకదాంట్లో హడావుడిలో లచ్చవ్వ అనే రాశాను. ఇద్దరూ ఒకరేనని రుజువు చూపండి అని పైనుంచి కాగితం తిరిగివచ్చింది. పద్నాలుగు నెలలు పట్టింది. ఆమె ప్రతి నెలా వచ్చి నా బల్ల దగ్గర నేలమీద కూర్చునేది. "బాంచెన్, నేను ఎవరి లెక్క ఉండాలె?" అని ఒకసారి అడిగింది. పాటర్సన్ గుమాస్తా ఊరి పేరు తప్పు రాశాడని పక్కింటాయన విసుక్కున్నప్పుడు నేను తల దించుకోవడానికి కారణం అదీ.

మన పిల్లలదీ అదే అవస్థ. ఇంటిపేరు ముందు రాసుకునే జాతి మనది. పాస్‌పోర్టులో పేరు ఒక గడిలో, ఇంటిపేరు ఒక గడిలో అనేసరికి తారుమారవుతుంది. పేరంతా ఒక్క గడిలో పడితే రెండో గడిలో అక్కడివాళ్ళు "మొదటి పేరు తెలియదు" అని వేస్తారు. అట్లా పేరు లేనివాళ్ళై తిరుగుతున్న ఇంజనీర్లు మన హనుమకొండ వాళ్ళే ఎంతమంది!

కాగితం ఉండటం ఒక ఎత్తు, మిగలడం ఇంకొక ఎత్తు. మన ఆఫీసుల్లో ఎల్.డిస్. అంటే ఏడాది, డి.డిస్. అంటే పదేళ్ళు, ఆర్.డిస్. అంటే శాశ్వతం. ఆ ముద్ర వేసేది మనమే. అమెరికాలోనూ ఇంతే. 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లో సైనిక దస్త్రాల భవనం తగలబడి కోటీ అరవై లక్షలకు పైగా ఫైళ్ళు బూడిదయ్యాయి. నకళ్ళు లేవు. యుద్ధం నుంచి పతకాలతో వచ్చినవాడి ఫైలు పోయింది. ఈ నమోదు కార్డులు అందులో కలవనివి గనుక బతికాయి. ఇక ముసలివాళ్ళ 1942 కార్డులేమో, ఎనిమిది దక్షిణాది రాష్ట్రాలవి ఫిల్ము తీయకముందే పనికిరానివని పారేశారు. ఏ గుమాస్తానో ఎల్.డిస్. కొట్టాడన్నమాట.

ఇదంతా చూసి ఇంటికొచ్చాక మా మనుమడు నింపిన ఫారం మళ్ళీ తీసి చదివాను. పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు, చిరునామా. అంతే. తండ్రి పేరు లేదు. పుట్టిన ఊరు లేదు. బంధువు లేడు. మచ్చ లేదు. ఆ నంబరు తెలిసినవాడికి వాడు దొరుకుతాడు. నూరేళ్ళ తర్వాత వాడి మనుమడికి వరంగల్ మాత్రం దొరకదు.

అందుకని తెల్లకాగితం మీద స్కేలుతో గీతలు కొట్టి, 1942 నాటి గడులూ, ఎమిగ్రేషన్ పాస్ గడులూ కలిపి ఒక కార్డు తయారుచేశాను. ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, పాత తాలూకా, పాత జిల్లా, ఖాస్రా పహాణీలో సర్వే నంబరు. వరంగల్ జిల్లానే 2016లోనూ తర్వాతా ఎన్ని ముక్కలైందో మీకు తెలుసు గదా, పాత జిల్లా పేరు రాయకపోతే రేపు ఎవరూ పోల్చుకోలేరు. అమ్మమ్మల ఊళ్ళూ రాశాను. అక్కడ నేనూ తడబడ్డాను. మా అవ్వ పుట్టిల్లు ఏ ఊరో మా ఇంటామెకు తెలిసింది గానీ నాకు తెలియలేదు. లచ్చవ్వ సంగతి గుర్తుంచుకుని, పిలిచిన పేరు పిలిచినట్టే రాసి, కాగితాల్లో ఉన్న పేరు పక్కన వేరే రాశాను. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి.

మనుమడు చదివాడు. వాడికి తెలుగు చదవడం రాదు, ఇంగ్లీషుది చదివాడు. "తాతా, ఈ బాక్స్ ఎందుకు ఖాళీ?" అన్నాడు. నా చిరునామా ఎల్లప్పుడూ తెలిసి ఉండే మనిషి అన్న గడి. "అది నీ కార్డు, నువ్వే రాసుకోవాలె బిడ్డా" అన్నాను. వాడు పెన్ను తీసుకుని నాయనమ్మ పేరు రాసి, హనుమకొండ ఇంటి నంబరు ఎంత అని అడిగాడు. మా ఇంటామెకు ఆ సంగతి చెప్పలేదు, ఇప్పుడు ఈ సభలో వింటున్నది.

నాకిచ్చిన ఇరవై నిమిషాలు దాటాయి, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఆ కార్డు నమూనా జిరాక్సులు యాభై తెచ్చాను, గుమ్మం దగ్గర బల్లమీద ఉన్నాయి. ఇక ప్రతి నెలా రెండో శనివారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా సంఘం ఆఫీసులో కూర్చుంటాను. నింపడంలో సాయం కావలసినవారు పాత పహాణీ నకలు ఉంటే అది, పదో తరగతి మెమో, పెన్షన్ పుస్తకం తెచ్చుకోండి. ఇంటామెను కూడా వెంట తీసుకురండి, అమ్మమ్మల ఊళ్ళు మనకు తెలియవు. సెలవు.